గట్టు మీది ఆకు, కడుపులోని బిడ్డ

మార్చి నెల. పొద్దు ఇంకా పొడవలేదు. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే రోడ్డు మీద ఆటో దిగి మీరు డొంక దారి పట్టారు. కాళ్ల కింద నల్లరేగడి పగుళ్లు తీసి ఉంది. అటూ ఇటూ మిరప. తేజ రకం, కాయ పండి ఎర్రగా వేలాడుతోంది. కోతల ముఠా అప్పటికే చేలోకి దిగింది. చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని, ముక్కూ నోరూ కప్పి తువాలు చుట్టుకుని, ఆడవాళ్లు సాలుకొకరు చొప్పున వంగి కాయ కోస్తున్నారు. నాలుగడుగులు వేసేసరికి ఘాటుకు మీకు తుమ్ములు మొదలవుతాయి. "కాసేపు ఓర్చుకోండి, అలవాటవుద్ది" అంటుంది దగ్గర్లో ఉన్నామె, చెయ్యి ఆపకుండానే.

గట్టు చివర, మోటారు నీళ్లు పారే బోదె పక్కన, ఒక పెద్దావిడ మాత్రం కాయ కోయడం లేదు. గొంతుక్కూర్చుని చిన్న చిన్న మొక్కల్ని వేళ్లతో సహా పీకి కొంగులో వేసుకుంటోంది. దగ్గరికెళ్లి చూడండి. జానెడు మొక్క. సన్నటి రెమ్మలు. రెమ్మను తిరగేస్తే ఈనె పొడుగునా ఆవగింజంత పచ్చటి కాయలు వరస తీరి ఉన్నాయి. నేల ఉసిరి.

"ఎవరికి పిన్నీ?" పక్క సాల్లోంచి ఒకామె అడుగుతుంది.

"మా కోడలికే. రెండ్రోజుల్నుంచి కళ్లు పచ్చబడ్డయ్. అన్నం చూస్తే డోకొస్తందంట."

"దానికి ఆరో నెల కదూ?"

"అవును. మూడు పొద్దులు పరగడుపున పసరు పోస్తే దిగిపోద్ది. మా అమ్మ నాటి నుంచీ ఇదే మందు. ఆకేగదమ్మాయ్, ఏమవుద్ది?"

ఆ ఆఖరి మాట గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఏ గడప తొక్కినా వినపడుతుంది. దాని వెనకున్న ప్రేమను ఎవరూ తప్పు పట్టలేరు. కోడలి కోసం ఆ పెద్దావిడ ఇవాళ్టి కూలిలో కొంత వదులుకుంది. కానీ ఆమె ప్రశ్నకు జవాబు అదే గట్టు మీద ఉంది. మీరు కొంచెం వంగి చూస్తే చాలు.

బోదె అంచున మూతల్లేని పురుగుమందు సీసాలు పడి ఉన్నాయి. చింపిన రేకు పొట్లాలు మట్టిలో సగం కూరుకుపోయాయి. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి ఈ రెండు జిల్లాల మిరపను ఊడ్చుకుపోయింది. చాలామంది రైతులు చేను పీకి దున్నేశారు. ఆ దెబ్బ తిన్నాక పూత మీద పురుగు జాడ కనపడితే చాలు, పంపు భుజాన వేసుకుంటారు. ఇక గట్టు మీద గడ్డి పెరిగితే కొడవలితో కోసే రోజులు పోయాయి, గడ్డిమందు కొడుతున్నారు. నేల ఉసిరి, గుంటగలగర, అటికమామిడి లాంటి మన ఇంటి వైద్యపు ఆకులన్నీ పెరిగేది ఈ గట్ల మీదే, ఈ బోదెల పక్కనే. పత్తి చేలయినా ఇంతే. గాలికి ఎగిరొచ్చిన మందు ఆకు మీద పడుతుంది, పారే నీళ్లలో కలిసి వేరుకు అందుతుంది. పైన పడ్డది కడిగితే కొంత పోతుంది. మొక్క పీల్చుకుని ఒంట్లో కలుపుకున్నది కడిగితే పోదు. మా అమ్మ నాటి నుంచీ అని ఆ పెద్దావిడ అన్నది నిజమే కావచ్చు. ఆమె అమ్మ పీకిన మొక్కకూ ఈ మొక్కకూ పేరు ఒకటే, పెరిగిన నేల మాత్రం ఆ నాటిది కాదు.

సరే, మందు తగలని చోటే దొరికిందనుకుందాం. నేల ఉసిరికి చెడ్డపేరు లేదు. 1988లో మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ఈ మొక్క పొడి ఇచ్చి చూశారు, సగానికి పైగా మందిలో వైరస్ జాడ పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత మరికొన్ని చోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు. కామెర్లకు వాడే ఆకుల్లో ఇంతగా పరీక్షకు పెట్టింది ఇదొక్కటే అనుకున్నా, కడుపుతో ఉన్నవాళ్లకు పోస్తే బిడ్డకు ఏమవుతుందన్నది తేలిన విషయం కాదు. అసలు గర్భిణుల మీద మందుల ప్రయోగాలు చేయడమే అరుదు. కాబట్టి "ఏమీ కాదు" అనే మాట ఎవరు చెప్పినా అది పరీక్షించి చెప్పిన మాట కాదు.

అయినా పసరుకు అంత పేరెందుకు వచ్చింది? కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ. ఈ రెండూ మామూలు మనిషిలో కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఎవరు ఏం పోసినా పోసినవాళ్లకు పేరొస్తుంది. ఉప్పు మాని, నూనె మాని, మజ్జిగన్నంతో పథ్యం చేసి లేచి తిరిగినవాళ్లే ఊరంతా సాక్ష్యం చెబుతారు. లేవనివాళ్లు వచ్చి చెప్పరు.

గర్భిణి సంగతి పూర్తిగా వేరు. హెపటైటిస్-ఇ ఆఖరి మూడు నెలల్లో సోకితే నూటికి ఇరవై నుంచి ఇరవై అయిదుగురు తల్లులు చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలు మనిషికి జ్వరంలా వచ్చిపోయే జబ్బు ఈమెకు ప్రాణాంతకం. ఆఖరి నెలల్లో కళ్లు పచ్చబడటానికి వేరే కారణాలూ ఉన్నాయి: బీపీ పెరిగి కాలేయం దెబ్బతినడం, కాలేయంలో కొవ్వు చేరడం. వాటికి వైద్యం గంటల్లో జరగాలి, ఒక్కోసారి వెంటనే కాన్పు చేయడమే వైద్యం. ఆ పెద్దావిడ చెప్పిన మూడు పొద్దులు గుర్తున్నాయా? పసరు మంచిదే అయినా, ఒంట్లో ఏ హానీ చేయకపోయినా, ఆ మూడు పొద్దులే చాలు తల్లినీ బిడ్డనీ పోగొట్టుకోవడానికి.

ఎండెక్కింది. ముఠా సద్దికి లేచింది. వేపచెట్టు కింద క్యారేజీలు విప్పారు. మీకూ ఒక ముద్ద పెడతారు, గోంగూర పచ్చడితో. తినేటప్పుడు చేతుల మంట తెలుస్తుంది. ఎంత కడుక్కున్నా కారం పోదు. ఆకుల కబుర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కరోనా రోజుల్లో కృష్ణపట్నం వెళ్లొచ్చిన సంగతి ఒకామె తీస్తుంది.

2021 మే నెల అది. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని ఆ ఊరికి ఆనందయ్య మందు కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ జనం కార్లలో, అంబులెన్సుల్లో తరలి వెళ్లారు. రద్దీకి భయపడి ప్రభుత్వం పంపిణీ ఆపించింది, ఆయుష్ నిపుణులతో పరీక్ష చేయించింది. మే 31న అనుమతి ఇస్తూ మూడు మాటలు చెప్పింది: ఈ మందుతో కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, కంట్లో వేసే చుక్కలకు అప్పటికి అనుమతి లేదు, డాక్టర్లు రాసిన మందులు మాత్రం ఎవరూ ఆపవద్దు. ఆ మూడో మాట ఆ హడావిడిలో పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అందరూ పట్టించుకోవలసిన మాట అదే. ఆకుమందు చేసే హాని కొంత దాని గుణం వల్ల వస్తుంది, మరికొంత అది వాడుతున్నామని మిగతా మందులు మానేయడం వల్ల వస్తుంది. పసరు పథ్యంలో ఉన్నన్నాళ్లూ ఐరన్ మాత్రలు పక్కన పెట్టే గర్భిణులున్నారు, "రెండూ పడవు" అని. మూర్ఛ మాత్రలు, థైరాయిడ్ మాత్రలు ఆపేవాళ్లూ ఉన్నారు. బీపీ మాత్ర అలా ఆగిపోతే గుర్రపువాతం రావచ్చు.

అదే కరోనా కాలంలో కంచెల మీది తిప్పతీగకు కూడా గిరాకీ వచ్చింది. కాడలు తెంపి కషాయం కాచి ఇంటిల్లిపాదీ తాగారు. 2020 చివర్లో ముంబై డాక్టర్ల దగ్గరికి కాలేయం దెబ్బతిన్న ఆరుగురు వచ్చారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లే. ఆ సంగతి ప్రచురణ కాగానే ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అది అసలు తిప్పతీగ కాకపోవచ్చు, దాన్ని పోలిన మరో తీగ కావచ్చు అంది. 2022లో దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి ఇలాంటివాళ్లు 43 మంది లెక్కకు వచ్చారు. ఎవరి వాదన నెగ్గినా మనకు తెలియవలసింది ఒకటుంది: చదువుకున్న నిపుణులే ఇది ఆ తీగా, ఈ తీగా అని తర్జనభర్జన పడుతుంటే, కంచె దగ్గర నిలబడి తెంపుకునే మనం ఏ ధైర్యంతో కడుపుతో ఉన్న పిల్లకు పోస్తాం?

వేపచెట్టు కింద గొంతులు తగ్గుతాయి. ఎవరికో నెల తప్పింది, ఇప్పుడు వద్దనుకుంటోంది. "వేరు పెట్టేవాళ్లు ఉన్నారంట" అని ఒక గుసగుస. చిత్రమూలం వేరు, గన్నేరు పప్పు, జిల్లేడు పాలు. ఈ పేర్లు మన పల్లెల్లో ఇందుకోసం ఎన్ని తరాలుగా వినిపిస్తున్నాయో! చిత్రమూలం తగిలిన చోట ఒళ్లు పుండవుతుంది. గన్నేరు పప్పు గుండెను ఆపుతుంది. వేరు పెట్టిన చోట చీము పట్టి, అది రక్తంలోకి పాకి ప్రాణాలు పోయిన ఆడవాళ్ల కథలు ప్రసూతి వార్డుల్లో పనిచేసిన ఏ పాత నర్సమ్మను అడిగినా చెబుతుంది. 1971 నుంచీ గర్భస్రావం చట్టబద్ధం. 2021 సవరణ తర్వాత చట్టం చెప్పిన కారణాలకు 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేయించుకోవచ్చు. పెళ్లయిందా లేదా అన్నది అడ్డు కాదు. వివరాలు బయటపెట్టకూడదని కూడా చట్టమే చెబుతోంది. ఈ నాలుగు ముక్కలు ఆ చెట్టు కింద ఎవరైనా గట్టిగా చెప్పాలి.

మధ్యాహ్నం మీరు పేటకు తిరిగొస్తారు. బజారులో ఒక పచారీ కొట్టు. ముందు గోతాల్లో ధనియాలు, మినుములు, ఎండుమిర్చి. వెనక అరల్లో వరసగా రేకు డబ్బాలు. కొట్టతను ఒక్కో మూత తీసి చూపిస్తాడు. కరక్కాయ, తానికాయ, మాచికాయ, జాజికాయ, పిప్పళ్లు, మోడి, దుంపరాష్ట్రం, సునాముఖి, అతిమధురం, వస. మూత తీసినప్పుడల్లా ఒక కొత్త వాసన. "కాయం సామాను కట్టండి" అని ఒకాయన వచ్చి నిలబడతాడు. కూతురు బాలింత. శొంఠి, పిప్పళ్లు, మోడి, వాము తూచి, పాత పేపరులో పొట్లాలు కట్టి ఇస్తారు. ఇంట్లో దంచి బెల్లం, నెయ్యి పోసి ఉడికించి ఉండలు చేస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బాలింత కాయం మీద నాకు పగ లేదు. శొంఠి, వాము, వెల్లుల్లి కారం, మెంతులు మనం తినే తిండిలోవే. తిండిలో వేసుకున్నంత వేసుకుంటే తల్లికీ బిడ్డకూ వచ్చే నష్టమేమీ లేదు. వేవిళ్లకు అల్లం కొంత పనిచేస్తుందని పరిశోధనలూ చెప్పాయి. చీరాల, బాపట్ల వైపు బాలింతలకు పాల సొర వండి పెడతారు. అది చేప, మంచి ఆహారం. చిక్కు ఎక్కడొస్తుందంటే, తిండిని మందు చేసి గుప్పెళ్లతో మింగించినప్పుడు. మెంతుల్ని పొడి చేసి చెంచాలకు చెంచాలు, మాత్రలు చేసి రోజుకు ఆరేసి వేసుకుంటే తల్లికి చక్కెర పడిపోవచ్చు, పాలు తాగే బిడ్డకు విరేచనాలు పట్టుకోవచ్చు. ఇంకా పెద్ద నష్టం కాయంతో పాటు వచ్చే పథ్యం వల్ల. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని, ఒళ్లు నీరు పడుతుందని గ్లాసు లెక్కన కొలిచి పోస్తారు. ఆమె ఒంట్లోంచి రోజూ పాలు పోతున్నాయి. దాహమేసినప్పుడల్లా నీళ్లు తాగనివ్వాలి.

అదే అరలోని అతిమధురం సంగతి చూడండి. మిరప ఘాటుకు దగ్గు పట్టిన కూలీలు చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తారు. తియ్యగా, హాయిగా ఉంటుంది. అందులో ఉన్న గ్లిసరైజిన్ అనే పదార్థం ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. ఫిన్లాండులో అతిమధురం మిఠాయిలు విపరీతంగా తింటారు. గర్భంతో ఉన్నప్పుడు వాటిని బాగా తిన్న తల్లుల పిల్లలు పెద్దయ్యాక తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని హెల్సింకి పరిశోధకులు 2017లో ప్రకటించారు. ఆ దేశ ఆరోగ్య సంస్థ గర్భిణులకు అతిమధురం వద్దనే చెబుతోంది. ఇక్కడ మన కొట్టులో డబ్బా మీద అలాంటి మాట ఏదీ లేదు. డబ్బా మీద అసలు ఏమీ లేదు.

పక్క అరలో ఆముదం సీసాలున్నాయి. నెలలు నిండినా నొప్పులు రాకపోతే ఆముదం తాగించడం పాత పద్ధతి. అది వట్టి నమ్మకం కూడా కాదు. ఆముదంలోని ఆమ్లం పేగుల్ని కదిలించే తీరులోనే గర్భసంచినీ కదిలిస్తుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. పనిచేస్తుంది గనకే భయం. నెలలు నిండకముందు తాగినా, అంతకుముందు సిజేరియన్ కుట్లున్న గర్భసంచి మీద తాగినా ఏమవుతుందో ఊహించండి. ఇంట్లో నొప్పులు ఎంత బలంగా వస్తున్నాయో కొలిచేవాళ్లుండరు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినేవాళ్లుండరు. ఆయుర్వేదం కూడా దీన్ని ఒప్పుకోదు. గర్భిణికి ఘాటైన మందులు, వాంతులు విరేచనాలు చేయించే చికిత్సలు కూడదని చరక సంహిత నాడే హెచ్చరించింది. నాటు పద్ధతులన్నిటికీ ఆయుర్వేదం పేరు తగిలించేవాళ్లు ఆ అధ్యాయం ఒకసారి చదవాలి.

కొడుకు పుట్టే మందు అని మరో రకం ఉంది. హర్యానాలో శివలింగి గింజలు, మాజూఫల్ కలిపి గర్భం నిలిచిన రెండో నెలలో మింగిస్తారు. శివలింగి అంటే మన లింగదొండ, మాజూఫల్ అంటే ఈ అరలోని మాచికాయే. అవి మింగిన తల్లులకు లోపాలతో పుట్టిన బిడ్డలు ఎక్కువని అక్కడ చేసిన పరిశోధనలో తేలింది. రెండో నెల అంటే బిడ్డ గుండె, చేతులు, వెన్నెముక ఏర్పడే సమయం. ఆడో మగో అప్పటికే నిర్ణయమైపోయింది. ఏ గింజా దాన్ని మార్చదు.

ఈ కొట్లలో కట్టిన పొట్లాలు, మందుల షాపుల్లో కొన్న లేహ్యాలు, భస్మాలు చాలా దూరం వెళతాయి. గుంటూరు, ఒంగోలు నుంచి కూతురి పురిటికి అమెరికా వెళ్లే తల్లుల పెట్టెల్లో పచ్చళ్లతో పాటు అవీ ఉంటాయి. 2011-12లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం మోతాదు మించి ఉందని గుర్తించింది. ఆరుగురూ విదేశాల్లో పుట్టి అక్కడ స్థిరపడ్డవాళ్లు. కారణం వెతికితే భారతదేశంలో తయారైన ఆయుర్వేద మందులు పది బయటపడ్డాయి. గర్భం బలంగా నిలవాలని వేసుకున్న మాత్రలు కూడా వాటిలో ఉన్నాయి. సీసం మాయ దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. తల్లి ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుని, గర్భం వచ్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు మళ్లీ రక్తంలోకి వస్తుంది. ఆకుతో చేసిన మందుకూ లోహం పుటం పెట్టి చేసిన భస్మానికీ తేడా పొట్లం చూసి చెప్పలేం. పేరు చివర భస్మం, రసం, సింధూరం అని ఉంటే గర్భిణీ, బాలింతా దాన్ని ముట్టకూడదు.

సాయంత్రం ఊళ్లో ఒక ఇంటి వసారా. పురిటికి పుట్టింటికొచ్చిన అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ, పుట్టి ఇరవై రోజులు కాలేదు. నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేశారు. అమ్మమ్మ సానరాయి ముందు పెట్టుకుంది. ఉగ్గుగిన్నెలో తల్లి చనుబాలు కాసిని. వస కొమ్ము కొసను ఆముదపు దీపం మీద కాల్చి, చల్లార్చి, పాలచుక్క వేసి సాన మీద అరగదీస్తోంది. ఒక చుట్టు, రెండు చుట్లు. గంధంలా బూడిదరంగు ముద్ద తేలుతోంది. తర్వాత కరక్కాయ ఒక చుట్టు. బిడ్డ పగలు నిద్రపోయి రాత్రి ఏడుస్తోందని జాజికాయ రెండు చుట్లు.

"అమ్మా, ఆశా అక్క పాలు తప్ప ఏమీ పట్టొద్దంది కదా."

"నీకూ పోశాన్లేవే వస. పోశాను గనకే ఇన్ని మాటలొచ్చినయ్."

అందరూ నవ్వుతారు. మీకూ నవ్వొస్తుంది. కానీ ఒక్క క్షణం ఆ సాన మీదికి చూడండి. ఆ చుట్టులో ఎంత మందు ఉంది? చెయ్యి బరువును బట్టి, కొమ్ము ఎండిన తీరును బట్టి, రాయి గరుకును బట్టి మారుతుంది. నిన్నటి రెండు చుట్లూ ఇవాళ్టి రెండు చుట్లూ ఒకటి కావు. మింగబోయే మనిషి బరువు మూడు కిలోలు. వసలోని బీటా-అసరోన్ అనే పదార్థం ఎలుకల పేగుల్లో కణుతులు పెంచిందని తేలాక 1968లో అమెరికా ఆహార పదార్థాల్లో వసను నిషేధించింది. ఆ పదార్థం వస రకాలన్నిటిలోనూ ఒకేలా ఉండదు. అమెరికా రకంలో ఉండదు, మన దేశపు రకంలో బాగా ఎక్కువ. జాజికాయ నిద్రపుచ్చేది దానిలో మత్తు గుణం ఉంది గనక. ఆ మత్తు మోతాదు మించితే పసిబిడ్డ ఊపిరి మీద ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇరవై రోజుల బిడ్డ కాలేయం వీటిని విరగ్గొట్టి బయటికి పంపే పని ఇంకా నేర్చుకోలేదు.

దీనికి తోడు ముక్కులో, నోట్లో ఆముదం చుక్కలు వేయడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. బిడ్డ ఏడుస్తూ గుటక తప్పితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె నిమ్ముకు మామూలు నిమ్ము మందులు పనిచేయవు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అవసరం లేదు, మార్చి ఎండల్లో కూడా. మాటలు బిడ్డతో మాట్లాడితే వస్తాయి. ఆ అమ్మమ్మ రోజంతా మనవరాలితో కబుర్లు చెబుతూనే ఉంది, అది చాలు.

మర్నాడు తొమ్మిదో తారీకు. ప్రతి నెలా ఆ రోజున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016 నుంచీ నడుస్తోంది. పీహెచ్‌సీ వరండాలో బెంచీలు నిండిపోయాయి. చేతుల్లో తల్లీబిడ్డల కార్డులు. బీపీ చూసే స్టాఫ్ నర్సు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి, వినండి.

"నాటుమందులేమన్నా తాగుతున్నావా?" అని ఒక అమ్మాయిని అడుగుతుంది. అమ్మాయి తల అడ్డంగా ఊపుతుంది. కార్డులో ఏమీ రాయరు. తర్వాతి అమ్మాయి దగ్గర కూర్చున్న ఏఎన్ఎం వేరేలా అడుగుతుంది. "వేవిళ్లకు మీ అత్తమ్మ ఏం ఇస్తందమ్మా? దగ్గొస్తే ఏం చేస్తున్నారు? విరేచనం కాకపోతే?" అమ్మాయి వేళ్లు ముడుస్తూ చెప్పడం మొదలెడుతుంది. పొద్దున అల్లం రసం, రాత్రి సునాముఖి పొడి, దగ్గుకు అతిమధురం, పాలల్లో ఎవరో ఇచ్చిన ఎర్ర పొడి. ఆ ఎర్ర పొడి ఏమిటో ఎవరికీ తెలీదు. "రేపు ఆ డబ్బా పట్టుకురా అమ్మా, చూద్దాం" అంటుంది ఏఎన్ఎం. తిట్టలేదు. నొసలు ముడవలేదు.

నాకు ఈ వరండాలో తెలిసిన తేడా ఇదే. మొదటి ప్రశ్నలో నేరం ఉంది, అందుకని జవాబు రాలేదు. పల్లెటూరి ఆడవాళ్లు పసరు సంగతి డాక్టరు దగ్గర దాచేది తిడతారని. దాచితే డాక్టరుకు సగం రోగమే కనపడుతుంది. కాలేయం పరీక్ష తేడాగా వస్తే కారణం దొరకదు, మత్తు ఇచ్చేటప్పుడు, రక్తం ఆగనప్పుడు ఎందుకో అర్థం కాదు.

పదకొండింటికి నిన్నటి పెద్దావిడ వస్తుంది, కోడల్ని పట్టుకుని. చేలో ఆమెను పిన్నీ అని పిలిచినామె రాత్రే ఆశా కార్యకర్తకు చెప్పిందట. కోడలి కళ్లు పసుపు ముద్దలు. పొద్దున ఒక మోతాదు పసరు అప్పటికే పోశారు. సీసా సంచిలో ఉంది, తీయనా వద్దా అని పెద్దావిడ నసుగుతోంది. డాక్టరమ్మ చెయ్యి చాపుతుంది. "ఇటివ్వండి పెద్దమ్మా, మంచి పని చేశారు తెచ్చి. ఏ మొక్కో కూడా చెప్పండి." సీసా మీద లేబులు సగం చిరిగి ఉంది. వాసన చూసి, అది అంతకుముందు దేనికి వాడిన సీసానో అడుగుతుంది. పెద్దావిడకు గుర్తులేదు. కార్డు మీద మొక్క పేరు, పోసిన సమయం, ఎన్నో మోతాదో రాసి, 108 పిలిపించి, నలభై కిలోమీటర్ల దూరంలోని గుంటూరు జీజీహెచ్‌కి పంపుతారు. అక్కడ బిలిరుబిన్ చూడాలి, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి, ఏ వైరస్సో తేల్చాలి. పెద్దావిడ బండెక్కుతూ సీసా అడుగుతుంది. సీసా కూడా కోడలితో పాటు వెళుతుందని చెబుతారు.

మీ ఇంట్లో గర్భిణి గానీ బాలింత గానీ ఉంటే ఈ పనులు చేయండి. వాళ్లు తాగే ప్రతి కషాయం, మింగే ప్రతి ఉండ పేరు తల్లీబిడ్డల కార్డు వెనక రాయించండి. పేరు తెలియనిదీ, పొట్లం మీద ఏమీ రాసి లేనిదీ పోయకండి. చేను గట్టు మీది ఆకు అసలే వద్దు. ఏదైనా తాగాక వాంతులు, మత్తు, రక్తస్రావం కనపడితే మిగిలిన మందును, మొక్కను పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు దయచేసి తిట్టకుండా అడగండి. కళ్లు గానీ మూత్రం గానీ పచ్చబడిన గర్భిణిని ఆ పూటే ఆసుపత్రికి చేర్చండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి, పైసా తీసుకోరు.